చోరనూరు హంపన్న హాజరీ

గేటు పడింది. పడదా మరి, సంవత్సరమంతా దీనికి పొద్దు దొరకలేదు, నేను కురుగోడుకు పోయే పొద్దే దొరికింది. మా బస్సు ముందర రెండు ఖనిజం లారీలు, వాటి ముందర ఒక టెంపో, దాని ముందర గేటు, గేటుకు అవతల కదలకుండా నిలబడిన గూడ్సు బండి, తలా తోకా ఏదీ కనపడదు. కండక్టరు కిందికి దిగి బీడీ ముట్టించినాడు. వాడు బీడీ ముట్టించినాడంటే బండి ఇప్పట్లో కదలదని దోణిమలై బస్సు ఎక్కే ప్రతి ఒక్కరికీ తెలుసు. "ఎష్టొత్తు ఆగుతైతి అణ్ణా?" అని, ఎంతసేపు పడతాదని కిటికీలో నుంచి అడిగితే "రైలు నందల్లమ్మా" అన్నాడు, రైలు నాది కాదమ్మా అని, నవ్వుకుంటా. నవ్వప్పా నవ్వు, నీకేం పోయింది. నాకు ఈ పొద్దు పోతే పోయినట్లే. శ్రావణం మొదటి సోమారం, కురుగోడు మాజీ సైనికుల సంఘంలో హాజరీ. యుద్ధాల్లో, సరిహద్దుల్లో పోయిన మా తట్టు పిల్లోళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు, పిలిచిన పేరుకు ఆ ఇంటోళ్లు లేసి బదులు పలకల్ల. మూడుసార్లు పిలుస్తారు. మూడోసారికీ బదులు రాకపోతే ఆ పేరు గోడమీద ఉంటాది గానీ మరుసటేడు నుంచి పిలవరు. ఇంగ ఎప్పటికీ పిలవరు. చోరనూరు హంపన్న పేరుకు ఇన్నేండ్లూ వాళ్లమ్మ నింగమ్మ పలికింది. నింగమ్మ మొన్న ఎండకాలంలో పోయింది. ఆ ఇంట్లో ఇంగ మనిషి లేదు. ఈ పొద్దు ఆ పేరుకు నేను పలుకుతా. ఎవరు వద్దన్నా పలుకుతా, బస్సు పోకపోతే నడిచి పోయి పలుకుతా, సౌభాగ్య అంటే ఏమనుకున్నారో వీళ్లంతా.

వద్దన్నది ఎవరో కాదు, సిద్దేశే. సంఘం కార్యదర్శి, రిటైరయిన హవల్దారు, మంచోడే, మంచోళ్లతోనే శానా కష్టం, తిట్టేదానికి కూడా నోరు రాదు. మొన్న ఫోను చేసినాడు. "సౌభాగ్యక్కా, బాధపడొద్దు. రూలు నేను పెట్టింది కాదు. హాజరీకి ఇంటోళ్లే పలకల్ల. నువ్వు ఆ ఇంట్లో నుంచి ఇంకో ఇంటికి పోయినదానివి. హంపన్న పెద్దనాయన కొడుకులకు చెప్పినా, చూస్తామన్నారు" అన్నాడు. చూస్తామన్నారంట! ముసల్ది మంచంలో పడితే చూసినారా, గుక్కెడు గంజి పోసినారా, ఇప్పుడు కురుగోడు దాకా బస్సెక్కి పోయి చూస్తారంట. ఇది విత్తనం యాల, వాన పడింది, వాళ్లు నాగలి వదిలిపెట్టి చచ్చిన తమ్ముని పేరుకు పలికేదానికి పోతారా? నాకు తెలీదా వాళ్ల సంగతి, ఆ ఇంట్లో కాపురం చేసినదాన్ని. కానీ సరేప్పా అని ఫోను పెట్టేసినా. సరే అంటానా నేను! దొంగలు పడిన ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్ల, ఫోను పెట్టినాక వచ్చినాయి మాటలు, అన్నం వారుస్తాంటే ఒకటి, బట్టలు జాడిస్తాంటే ఒకటి. ఇంకో ఇంటికి పోయినదాన్నే, అవును, నాకు రెండో మనువు, మా తట్టు కూడికె అంటారు, మేళం లేకుండా ఆంజనేయస్వామి గుడి వెనక చేస్తారు, కూడికె అయిన ఆడది పెండ్లిండ్లలో ఆరతి పట్టకూడదు, మొదటి మొగుని కార్యాల కాడ నిలబడకూడదు. ఇన్నేండ్లూ నిలబడలేదు కదప్పా. చెప్పిన మాట విని మూలకు ఉండినా కదా. ఇప్పుడు పలికేదానికి ఒక్క నోరూ లేకపోతే కూడా మూలనే ఉండమంటావా?

నా పక్కన కూచున్నామె పేరు యంకమ్మ. తోరణగల్లులో ఎక్కింది, ఎక్కినప్పటి నుంచి నోరు మూసింది లేదు. కోడలి సంగతి అయిపోయింది, మోకాళ్ల సంగతి అయిపోయింది, ఇప్పుడు నా మీద పడింది. "యాడికమ్మా?" "కురుగోడుకు." "ఎవరిండ్లకు?" "హాజరీకి." "ఓ, మిలిటరీ గోడౌనుకా! మా చెల్లెలు ఇల్లు ఆ సందులోనే. మైకులో పేర్లు పిలుస్తాంటే ఇంట్లో కూచోని మేమంతా వింటాం. రొట్టె తడితే రొట్టె ఆపి వింటాం. మీకు పోయింది ఎవరమ్మా?" మొగుడు అంటామా, మొగుడు డ్యూటీకి పోయినాడు, సాయంత్రం వస్తాడు, వస్తానే కాఫీ అడుగుతాడు. ఏమీ కాడు అంటామా, ఏమీ కానోని కోసం ఈ గేటుకాడ గూడ్సు బండిని తిట్టుకుంటా కూచుంటారా ఎవరన్నా. "మా అత్తది వంతు, ఆమె తరపున పోతాండా" అన్నా. యంకమ్మ సరేనని తల ఊపింది. నాకు మాత్రం సరే కాలేదు, అబద్ధం కాదు గానీ నిజం కూడా అంత కాదు.

మిలిటరీ గోడౌనని అందరూ అంటారు, నిజానికి అది వాసవాంబ గోడౌను. బళ్లారి బజారులో పత్తి యాపారం చేసే కోమట్ల ఇంటి పెద్దామె, కురుగోడులో పత్తి పోసుకునేదానికి కట్టించింది. విరూపాక్షయ్య సుబేదారు డెబ్బయ్యొకటి యుద్ధంలో ఎడమ పాదం సగం ఆడే వదిలిపెట్టి వచ్చినాయన, కట్టె పొడుచుకుంటా ఆమె అంగడికి పోయి ఆ గోడౌను ఇయ్యమని అడిగినాడంట. "ఏం అమ్ముతావప్పా?" అనింది ఆమె. "ఏమీ అమ్మనమ్మా, పేర్లు పిలుస్తా." "పేర్లు పిలిచేదానికి గోడౌను ఎందుకు?" "బదులు వినపడల్లమ్మా. బయట గాలికి వినపడదు." ఆమె లేసి బీగంచెవి తెచ్చి ఇచ్చేసిందంట. ఇదంతా నింగమ్మ చెప్పింది నాకు, ప్రతి యేడూ చెప్పేది, ప్రతి యేడూ కొత్తగా వింటాంటి నేను. ఆ సుబేదారు నింగమ్మను కూచోబెట్టుకుని చెప్పినాడంట. "కొట్లాట అయిపోయినాక తెల్లారి హాజరీ తీసిరమ్మా. ఒక పేరు పిలిచిరి, పలకలేదు. ఇంగో పేరు, పలకలేదు. రాత్రి నాతో రొట్టె పంచుకున్నోళ్లు. గుండ్ల సప్పుడు మర్చిపోయినా గానీ అది మర్చిపోయేదానికి కాలేదు" అని. ఊరికి వచ్చినాక నిద్రలో ఆ పేర్లే పిలుస్తాండె అంట. పక్కన పడుకున్న ఆయన పెండ్లాం ప్రమీలమ్మ, పాపం, నిద్రమత్తులోనే "ఊఁ" అనేది. ఊఁ అంటే చాలు, ముసలాయన చిన్నపిల్లోని మాదిరి అటు తిరిగి నిద్రపోతాండె. ఆ ఊఁ నుంచే పుట్టింది సంఘం. ఆడ బదులు రాని పేరుకు ఈడ బదులు రావల్ల, అంతే ఆయన లెక్క.

మొదటి యేడు జనమంతా రేషన్ కార్డులు పట్టుకుని వచ్చిరంట! హాజరీ అంటే సర్కారోళ్లు ఏదో రాసుకుంటారనుకున్నారు, సైటో పింఛనో వస్తాదని. ఒక తండ్రి కార్డు పైకెత్తి చూపిస్తా "ఉండా సామీ, నేను బతికే ఉండా, నా పేరు కొట్టేయొద్దు" అని అరిచినాడంట. ఎవరూ నవ్వలేదంట. ఈ సంగతి చెప్పేటప్పుడు నింగమ్మ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది, నవ్వి నవ్వి కండ్లు తుడుచుకునేది. మూడుసార్ల రూలు కూడా ఆయన కోపానికి పెట్టింది కాదు. ఒకయేడు కుడితిని ఊరి పిల్లోని పేరు పిలిస్తే ఎవరూ లేయలేదు, అమ్మానాయనా పోయినారు, చెల్లెలు యాడుందో తెలీదు. మూడోసారి పిలిచినాక సుబేదారు కుర్చీలో కూలబడినాడంట. ఆ పొద్దు అన్నం ముట్టలేదు. "ఇంగ నాతో ఆ పేరు పిలిపించొద్దు" అన్నాడు. అదే రూలయి కూచుంది. ఆయన తట్టుకోలేక అన్న మాటను సిద్దేశ్ చట్టం చేసి నా నెత్తిన పెట్టినాడు. ఇప్పుడు ఆ ముసలాయనకు చెవులు శానా మటుకు పోయినాయి. అయినా హాజరీకి వచ్చి కుర్చీలో కూచుంటాడంట, పేరు పిలిచినాక చెవికి చెయ్యి అడ్డం పెట్టి "పలికిరా? ఎవరు?" అని అడుగుతాడంట, సిద్దేశ్ వంగి ఆయన చెవిలో అరవల్ల, నాయన పలికినాడు సాబ్, తమ్ముడు సాబ్ అని. "నాకు 'అమ్మ' అని అరుస్తాడే, గోడౌను రేకులు అదురుతాయి" అనేది నింగమ్మ. రేపు నాకేమని అరుస్తాడో, రేపు కాదు ఈ పొద్దే, ఇంకాసేపటికే, శివనే, ఈ గూడ్సు బండి కదలదే.

హంపన్నైతే మా ఇంట్లోనే హాజరీ తీస్తాండె. పెండ్లయినాక ఆయప్ప నా తావ ఉండింది రెండు సెలవులు, అంతే మా కాపురం. పొద్దున్నే లేసి పటాలంలో మాదిరి నడవలో నిలబడి, "సిపాయి సౌభాగ్యా!" అని ఎలుగెత్తి పిలుస్తాండె. నేను "హాజర్ సాబ్" అనల్ల. కాళ్లు దగ్గరికి పెట్టి, ఎదురొమ్ము ముందుకు పెట్టి ఎట్ల అనల్లో కూడా నేర్పించినాడు. నేను అంటేనా! ఇరుగూ పొరుగూ వింటారని సిగ్గు, పరిగెత్తి గాదె వెనక దాక్కుంటాంటి. ఆయప్ప మళ్లా పిలుస్తాడు, నేను నోరు గట్టిగా మూసుకుని నవ్వు ఆపుకుంటాంటి. మూడోసారికి పొయ్యికాడ నుంచి నింగమ్మ "ఉండాదప్పా, ఈడే ఉండాది, యాడికి పోతాది, నువ్వొచ్చి రొట్టె తిను" అని నా బదులు పలికేది. మొగం ఇప్పుడు సరిగ్గా గుర్తుకు రాదు, నిజం చెప్తాండా. ఫోటో గుర్తుకొస్తాది, అది వేరే, ఫోటోలో ఎవరో టోపీ పెట్టుకున్న పెద్దమనిషి మాదిరి ఉంటాడు. చేతులు గుర్తు. బెల్టు బిళ్ల తోమినాక వేళ్లకు వచ్చే పాలీషు వాసన గుర్తు. ఆ పిలుపు గుర్తు, ఎంత బాగా గుర్తంటే ఇప్పుడు ఈ బస్సులో ఎవరన్నా అట్ల పిలిస్తే నేను లేసి నిలబడతా. ఎన్నో పొద్దులు పిలిచినాడు, ఒక్క పొద్దు కూడా పలకలేదు కదా అని ఏడ్పు వస్తాది నాకు, ఇప్పుడు కూడా, పిల్లకు పెండ్లి చూసే వయసులో కూడా.

సరిహద్దు కొండల్లో మంచు విరిగి ఆయప్ప మీద పడిందన్నారు. గుండు కాదు, శత్రువు కాదు, మంచు. చోరనూరులో మంచంటే ఎవరికి తెలుసు, మార్గశిరంలో చెట్లమీద తెల్లగా కనపడేదే మాకు మంచు, అది మనిషిని చంపుతాదంటే ఊర్లో శానామంది నమ్మలేదు. పెట్టె వచ్చింది, తెరవనీలేదు. ఆ శ్రావణంలో నింగమ్మా నేనూ కురుగోడుకు పోయినాం, ఇదే దారి. గోడౌను నిండా జనం. "సిపాయి హంపన్న, చోరనూరు!" అని సుబేదారు పిలిచినాడు. పెండ్లాం పలకల్ల, అందరూ నా తట్టే చూస్తాండారు. నాకు తెలుసు ఏమనల్లో, ఆయప్పే నేర్పించిన మాట కదా. రెండోసారి పిలిచినాడు. గాదె వెనక దాక్కున్నప్పటి మాదిరే నోరు మూసుకుపోయింది, అప్పుడు నవ్వుకు, ఇప్పుడు దేనికో. మూడోసారికి నింగమ్మ లేసింది. "ఉండాడప్పా, ఈడే ఉండాడు" అనింది. ఎవరో "హాజర్ సాబ్ అనల్లమ్మా" అన్నారు. సుబేదారు కట్టె నేలకు కొట్టి "బదులు వచ్చింది కదా, ముందరికి పోదాం" అన్నాడు. అప్పటి నుంచి ప్రతి యేడూ ఆమె మాట అదే. అందరూ హాజర్ సాబ్, చోరనూరు నింగమ్మ ఒకతే ఉండాడప్పా.

ఇంకో ఇంటికి పోయినదానివి అన్నావే సిద్దేశప్పా, పంపింది ఎవరో తెలుసా నీకు? నింగమ్మే. రెండేండ్లు చూసింది నేను గోడకు ఆనుకుని కూచునేది. ఒకపొద్దు దగ్గరికి వచ్చి, "వాడు పోయినాడు, నువ్వు పోలేదు కదే. ఇద్దరూ పోయినట్ల ఎందుకు కూచుంటావు?" అనింది. చిదానంద ఆమెకు దూరపు చుట్టం, దోణిమలై గనుల్లో డంపరు తోలతాడు, మాట తక్కువ మనిషి. తనే పోయి అడిగింది, తనే చీర తెచ్చింది, ఊర్లో ఆడోళ్లు కాండ్రించి ఉమ్మేస్తే తనే ఎదురు తిరిగి బూతులు తిట్టింది. గుడి వెనక మనువు అయినప్పుడు నాకు తల్లి వంతు కూచుంది ఆమె. కొడుకు పెండ్లాన్ని ఇంకొకని చేతిలో పెట్టింది, ఎంత గుండె ఉండల్ల! అప్పటి నుంచి హాజరీ అయిపోతానే నేరుగా దోణిమలై బస్సెక్కి మా క్వార్టర్సుకు వచ్చేది. సంఘంలో పెట్టిన ఉగ్గానీ బజ్జీ తను తినకుండా పొట్లం కట్టుకుని, బజ్జీ చల్లారి తోలు మాదిరి అయిపోయుంటాది, నా చేతిలో పెట్టి "పలికొచ్చినా" అనేది. అంతే. నేను వంటింట్లో నిలబడి ఆ బజ్జీ తింటాంటి. అదే నా వంతు హాజరీ. పోయిన యేడు కింద పడి కాలు విరిగినాక మా ఇంటాయన పోయి ఆమెను చేతుల మీద ఎత్తుకుని బండిలో పండబెట్టి తెచ్చినాడు. మా ఇంట్లోనే ఉండింది, మా ఇంట్లోనే పోయింది. నిప్పు పెట్టింది మాత్రం చోరనూరు పెద్దనాయన కొడుకులు, దానికి ఇంటోళ్లు వాళ్లే అయిరి. పోయే ముందర మిరపకాయ బజ్జీ కావాలనింది, తినలేకపోయింది, ముక్కుకాడ పెట్టుకుని వాసన చూసి "ఉప్పు తక్కువైంది" అనింది. వాసనకు ఉప్పెట్ల తెలిసిందో ఆమెకే తెలియల్ల. ఇంగ హంపన్న పేరుకు ఎవరు పలుకుతారే అని నన్ను అడగలేదు. ఒక్క మాట అడగలేదు. అడిగితే నాకు ఇబ్బంది అనుకుందేమో, మా ఇంటాయన ఏమనుకుంటాడో అనుకుందేమో. అడిగుంటే ఇంత కడుపుమంట ఉండేది కాదు నాకు.

మా ఇంటాయనను నేనూ అడగలేదు. పొద్దున లేసి తల స్నానం చేసి పెట్టెలో చీర తీస్తాంటే చూసినాడు. డ్యూటీ బూట్లు వేసుకుంటా ఉండినాడు. నేనే, "కురుగోడుకు పోతాండా" అన్నా. నాడా కట్టుకునేది ఆపినాడు. ఏమన్నా అంటాడనుకున్నా, గనుల్లో పదిమంది పది మాటలు అంటారు కదా, నీ పెండ్లాం ఇంకా మొదటోన్ని తలుచుకుంటాదంట అని. "బస్సు తప్పిపోతాది, బేగ పో" అన్నాడు. అంతే అన్నాడు. నీళ్ల బాటిలు నింపి నా సంచిలో పెట్టినాడు. మా అనుష మాత్రం ఊరుకోలేదు, కాలేజీ పిల్ల, అన్నిటికీ ప్రశ్నే. "అమ్మా, ఆయన నాకేమవుతాడు?" అనింది. కోపంతో కాదు, నిజంగానే అడిగింది. ఆలోచించి, "మీ అవ్వ కొడుకు" అన్నా. "అంటే మనింటోడేగా" అనింది, జడ వేసుకుంటా, అదేదో రోజూ మాట్లాడే మాట అయినట్ల. పిల్లకు ఒక్క గడియలో తేలిపోయింది, నేను ఇన్నేండ్లు దాంట్లోనే తిరుగుతాండా.

కండక్టరు రెండో బీడీ ముట్టించినాడు. ఇంగ చాలు. ఎండ కిటికీ నుంచి నా ఒళ్లోకి వచ్చేసింది, కురుగోడు దొడ్డబసవన్న గుడిలో అభిషేకం అయిపోయుంటాది, అభిషేకం అయిపోతానే హాజరీ మొదలు. లేసినా. యంకమ్మ నా చెయ్యి పట్టుకుంది, "యాడికమ్మా, గూడ్సు అడ్డం ఉండాది!" "కింద నుంచి దూరతా." "పిచ్చి పట్టిందా ఏంది నీకు, కదిలితే ముక్క కూడా దొరకదు!" "కదలదులే యక్కా, నాకోసం కాకపోయినా వాడి బీడీకోసమన్నా నిలబడతాది" అన్నా, చెయ్యి విడిపించుకున్నా. మెట్టు దిగినాక వెనక్కి తిరిగి, "నువ్వు అడిగితివి కదా, పోయింది ఎవరని. మా ఇంటోడు" అని చెప్పినా. ఆమె నోరు తెరిచింది, ఏమనిందో వినలేదు.

కొంగు బిగించి, చీర కుచ్చెళ్లు పైకి చెక్కుకుని వంగినా. రెండు వ్యాగన్ల నడుమ ఇనుప కొక్కెం, దాని కింద కంకర, కంకర మీద ఖనిజం దుమ్ము బెత్తెడు మందం. ఈ దుమ్ము నాకు కొత్తా, దోణిమలైలో అన్నంలో కూడా ఇదే, మా ఇంటాయన చొక్కా ఉతికితే నీళ్లు రక్తం మాదిరి పోతాయి. పాకినా. పైన ఇనుము కిర్రుమని ఒక్క సప్పుడు చేసింది, నా ప్రాణాలు పైకే పోయినాయి, స్వామీ బసవన్నా ఒక్క గడియ, నన్ను అవతలికి పోనీ, వచ్చేటప్పుడు నువ్వెట్ల చేసినా సరే. అవతల తేలినా. చేతులు ఎర్రగా, చీర ఎర్రగా, మంచి చీర, ముసల్ది తెచ్చిన చీర. దులుపుకునేదానికి కూడా నిలబడలేదు. అవతల తట్టు యూరియా మూటల ట్రాక్టరు ఒకటి, గేటు తీయరని వెనక్కి తిప్పుకుంటాండాది. తోలే పిల్లోడు హులిగేశ్ అంట. "కురుగోడప్పా, బిరీన పోవల్ల, మిలిటరీ గోడౌను కాడ దింపు" అంటే నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏమక్కా, గనిలో నుంచి నేరుగా లేసొచ్చినావా?" అన్నాడు. "అవును, తోలు" అన్నా. మూటల మీద కూచుని లోపల లోపలే నేర్చుకుంటా పోయినా, హాజర్ సాబ్, హాజర్ సాబ్, కాళ్లు దగ్గరికి, ఎదురొమ్ము ముందుకు, ఆయప్ప నేర్పించినట్లే. ఈసారి గాదె లేదు దాక్కునేదానికి.

సందు మొదట్లోనే మైకు వినపడింది. ఎవరి నాయనో "హాజర్ సాబ్" అన్నాడు. ట్రాక్టరు నిలబడక ముందే దూకినా, కాలు మడతపడింది, పడనీ. "సిపాయి హంపన్న, చోరనూరు." సిద్దేశ్ గొంతు. ఇదే, ఇదే, పరిగెత్తినా. చెప్పు ఒకటి యాడో ఊడింది. సందులో ఇండ్లలో ఆడోళ్లు గడపల్లో నిలబడి చూస్తాండారు, రొట్టె ఆపినట్లుండారు. "సిపాయి హంపన్న, చోరనూరు." రెండోది. పెద్దనాయన కొడుకులు రాలేదని తెలిసిపోయింది, వస్తే ఈపాటికి పలికుంటారు. గోడౌను వాకిలి కనపడింది, జనం వీపులు, వీపులు తోసుకుంటా, "జరగండప్పా, జరగండి" అంటా లోపలికి పడినా. సిద్దేశ్ మైకు కాడ కాగితం పట్టుకుని నిలబడి, ఈ పేరుకు ఇంగ ఎవరూ లేరని తెలిసినోని మాదిరి నిదానంగా, "సిపాయి హంపన్న..." అన్నాడు. హాజర్ సాబ్ యాడికి పోయిందో, దారంతా నేర్చుకున్నది ఒక్క అక్షరం నోటికి రాలేదు. "ఉండాడప్పా!" అన్నా. రేకులు అదిరినాయి. "ఉండాడు, ఈడే ఉండాడు!"

గోడౌనంతా వెనక్కి తిరిగింది. సిద్దేశ్ నన్ను చూసినాడు, ఎర్రదుమ్ము, ఒంటికాలి చెప్పు, విడిపోయిన జుట్టు. ఎవరో గొణిగినారు, "కూడికె అయిన మనిషి కదా." ఎవరన్నారో నేను చూడలేదు, సిద్దేశ్‌నే చూసినా. "మా అత్త పలికిన మాటే నేనూ పలికినా సిద్దేశప్పా. తప్పుంటే ఇంగోసారి పిలువు, ఇంగోసారి పలుకుతా. నువ్వు పిలిచినన్ని సార్లు పలుకుతా. నేను మాత్రం కూచునేది లేదు." సిద్దేశ్ కాగితం తట్టు చూసినాడు, నా తట్టు చూసినాడు. అప్పుడు ముందర కుర్చీలో ముడుచుకుని కూచున్న విరూపాక్షయ్య సుబేదారు, కట్టె మీద ఆనుకుని, చెవికి చెయ్యి అడ్డం పెట్టినాడు. మూడుసార్లు పిలిచిన పెదాలు చూసుంటాడు. మొగం అప్పుడే వాడిపోతాండాది.

"పలికిరా?" అన్నాడు. "ఎవరన్నా పలికిరా?"

ముసలాయన సిద్దేశ్ చొక్కా పట్టుకుని లాగినాడు. "ఎవరు సిద్దేశా? ఎవరు?"

సిద్దేశ్ వంగినాడు. ఆ చెవిలో నోరు పెట్టి, సందు చివరి దాకా వినపడేటట్ల అరిచినాడు.

"ఇంటోళ్లు సాబ్! ఇంటోళ్లే!"

ముసలాయన తల ఊపినాడు. కట్టె నేలకు కొట్టి, ముందరికి పోదాం అన్నట్ల చెయ్యి చూపించినాడు. సిద్దేశ్ తర్వాతి పేరు పిలిచినాడు, నేను నిలబడే ఉండినా.